కణం పట్టు సడలితేనే క్యాన్సర్ పాకుతుందా? అపోహలు - వాస్తవాలు

నేను పాథాలజిస్టుని. మనుషుల కన్నా వాళ్ల కణాలతోనే నాకు పరిచయం ఎక్కువ. రొమ్ము గడ్డ రిపోర్టులో ‘ఇ-క్యాడ్హెరిన్ నెగెటివ్’ (కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే ఆ ప్రోటీన్ కనబడలేదని అర్థం) అని రాశానంటే చాలు, ఆ మాటను నెట్‌లో వెతికి హడలిపోయి ఎవరో ఒకరు వస్తారు. వాళ్ల నోట తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: క్యాన్సర్‌ను పాకించే జన్యువు కొందరిలోనే ఉంటుంది.

ఇక్కడ కథంతా అందరిలోనూ ఉండే జన్యువుదే. 16వ క్రోమోజోమ్ మీది సీడీహెచ్1 జన్యువు ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేయిస్తుంది. ఆ ప్రోటీన్ కణం పైపొరలోంచి బయటికి చాచుకుని, పక్క కణం చాచిన అదే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఈ పట్టుకు కాల్షియం కావాలి. ల్యాబ్‌లో కాల్షియం తీసేస్తే కణాలు విడివడటం కళ్లారా చూడొచ్చు.

క్యాన్సర్‌లో ఈ జన్యువు చెడిపోవచ్చు. చెక్కుచెదరకుండా ఉండి కూడా పనిచేయకపోవచ్చు: దాని మీద మిథైల్ గుంపులనే చిన్న రసాయన ముద్రలు చేరతాయి, లేదా స్నెయిల్, ట్విస్ట్ లాంటి ప్రోటీన్లు దాని నోరు నొక్కేస్తాయి. చెడిపోయిన జన్యువు మళ్లీ బాగుపడటం అరుదు. నోరు నొక్కిన జన్యువు మాత్రం మళ్లీ పలకొచ్చు.

అపోహ: పట్టు పోతేనే పాకుతుంది. ఇ-క్యాడ్హెరిన్ పాజిటివ్ అయితే భయం లేదు.

చదువుకునే రోజుల్లో నేనూ ఇదే నమ్మాను. స్లైడ్లే ఆ నమ్మకాన్ని పోగొట్టాయి.

ఇ-క్యాడ్హెరిన్ ఉన్నచోట గోధుమరంగు తేల్చే స్టెయిన్ వేశాక, రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే డక్టల్ రకంలో ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత కనిపిస్తుంది, తేనెపట్టు గదుల్లా. లోబ్యులార్ అనే మరో రకంలో సాధారణంగా ఆ గీత ఉండదు. కణాలు ఒకదాని వెనక ఒకటి చీమలబారులా సాగిపోతుంటాయి. గట్టి గడ్డ కట్టకుండా పాకడం వల్ల మామోగ్రామ్‌కు కూడా ఒక్కోసారి దొరకవు. ఇంతవరకు పాఠ్యపుస్తకం చెప్పినట్టే ఉంది.

కానీ గీత చెదరని డక్టల్ క్యాన్సర్ కూడా చంకలోని లింఫ్ గ్రంథులకు, కాలేయానికి, ఊపిరితిత్తులకు వెళుతుంది. అలా వెళ్లిన చోట కోసి చూస్తే చాలాసార్లు అదే గోధుమరంగు గీత! 2014లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, రక్తంలో ఒంటరిగా తిరిగే కణాల కన్నా గుంపుగా అతుక్కుని తిరిగేవి 23 నుంచి 50 రెట్లు ఎక్కువగా కొత్త చోట నాటుకున్నాయి. 2019లో మరో బృందం ఎలుకల రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఇ-క్యాడ్హెరిన్‌ను తొలగించింది. కణాలు చుట్టుపక్కలకు చొచ్చుకుపోవడం పెరిగింది, దూరాన స్థిరపడటం తగ్గింది. దారిలోనే చచ్చిపోయాయి మరి. చొరబడటానికి పట్టు సడలాలి, బతికి బట్టకట్టడానికి పట్టు కావాలి. అందుకే దీన్ని ‘జిగురు’ అంటే నాకు చిరాకు. జిగురు ఒకసారి ఊడితే ఊడినట్టే. కణాలు అలా కాదు, అవసరాన్ని బట్టి వదులుతాయి, పట్టుకుంటాయి.

నా రిపోర్టులో ఆ లైను ముఖ్యంగా రకాన్ని తేల్చడానికే. ఎంతవరకు పాకిందో తెలియాలంటే లింఫ్ గ్రంథుల వివరాలు, స్కాన్లు చూడాలి.

అపోహ: బయాప్సీ సూది గుచ్చితే కణాలు చెదిరి పాకుతాయి.

సూది దారిలో కణాలు నాటుకోవడం చాలా అరుదు. ఆ భయం ఉన్న చోట్ల సూది ఎటునుంచి వెళ్లాలో ముందే నిర్ణయిస్తారు. కణం ఊడి రావడం ఒక్కటే చాలదు. రక్తంలో పడిన కణాల్లో దాదాపు అన్నీ చచ్చిపోతాయి. బయాప్సీ లేకుండా మందు ఎంచుకోవడమే అసలు ప్రమాదం.

అపోహ: ఇ-క్యాడ్హెరిన్ నెగెటివ్ అంటే వంశపారంపర్యం. పిల్లలకూ వస్తుంది.

చాలామందిలో ఆ మార్పు గడ్డలోని కణాలకే పరిమితం. పుట్టుకతో వచ్చేది వేరు. తరతరాలుగా జీర్ణాశయ క్యాన్సర్‌తో మనుషుల్ని పోగొట్టుకుంటున్న న్యూజిలాండ్ మావోరీ కుటుంబంలో దానికి మూలం సీడీహెచ్1 లోపమేనని 1998లో తేలింది. అలాంటివాళ్లకు ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే చెడిపోయి వస్తుంది, రెండోది తర్వాత ఏదో కణంలో పోతుంది. కణాలు లోపొరలో విడివిడిగా చెల్లాచెదురై ఉంటాయి కాబట్టి ఎండోస్కోపీకి అంతా మామూలుగానే కనబడవచ్చు. జీర్ణాశయాన్ని ముందే పూర్తిగా తీసేయమని వాళ్లలో చాలామందికి సలహా ఇచ్చేది అందుకే. ఆ ఆడవాళ్లకు లోబ్యులార్ రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది.

ఇంట్లో ఒకరికి మించి డిఫ్యూజ్ రకం (ఇలా కణాలు చెల్లాచెదురుగా ఉండే) జీర్ణాశయ క్యాన్సర్ గానీ, చిన్న వయసులో లోబ్యులార్ రొమ్ము క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి. ఆ పరీక్షకు మామూలుగా కావలసింది మీ రక్తం. నా దగ్గరున్న స్లైడ్ ఆ జవాబు చెప్పలేదు.