ఫ్లయింగ్ ఫ్లీ: పారాచూట్ కన్నా ముందు రోటర్‌డామ్

రాయల్ ఎన్‌ఫీల్డ్ 2024 నవంబరులో మిలాన్ ప్రదర్శనలో తన విద్యుత్ మోటార్‌సైకిళ్లకు ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అని పేరు పెట్టినప్పటి నుంచి, బ్రిటన్‌లోని యుద్ధ మ్యూజియంలలో భద్రంగా ఉన్న అదే పేరు గల చిన్న బండి నిజానికి ఎవరి సృష్టి అన్న పాత వాదన మళ్ళీ రాజుకుంది. పారాచూట్ సైనికుల వెంట ఆకాశం నుంచి దిగిన బ్రిటిష్ బండి అని ఒక పక్షం, జర్మనీ డీకేడబ్ల్యూ బండికి తీసిన నకలు అని మరో పక్షం. 1944లో అది హోర్సా గ్లైడర్లలో, అంటే ఇంజను లేని సైనిక విమానాల్లో, నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్ పోరుకు వెళ్ళిన సంగతి ఈ వాదనలోకి దిగిన వారందరికీ తెలిసిందే. నకలు అన్న మాటా అబద్ధం కాదు. అయితే ఆ నకలు ఎవరు, ఎందుకు తీయించారో చెప్పకుండా వదిలేస్తే మిగిలేది సగం నిజమే.

ఆ సంగతి తేలేది 1938లో. నెదర్లాండ్స్‌లో డీకేడబ్ల్యూ ఆర్‌టీ 100 బాగా అమ్ముడుపోయేది. 98 సీసీ ఇంజనుతో, తేలికగా, చవకగా ఉండే ఆ బండిని అక్కడ అమ్మే హక్కు రోటర్‌డామ్‌కు చెందిన స్టాక్‌విస్ అనే వ్యాపార సంస్థది. ఆ సంస్థ యాజమాన్యం యూదులది. నాజీ ప్రభుత్వ ఆదేశంతో డీకేడబ్ల్యూ ఆ హక్కును లాక్కుని, యూదేతరుల సంస్థకు కట్టబెట్టింది. అంతకాలం నమ్మకంగా అమ్మిపెట్టిన సరుకు ఒక్కసారిగా చేజారడంతో, స్టాక్‌విస్ వారు ఆ జర్మన్ బండినే వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్‌ను ఆశ్రయించి, ఇలాంటిది మీరు చేసి ఇవ్వగలరా అని అడిగారు. టెడ్ పార్డో అనే ఇంజనీరు ఆ నమూనాను అనుసరిస్తూనే ఇంజనును సుమారు 125 సీసీకి పెంచాడు. 1939 ఏప్రిల్‌లో ‘రాయల్ బేబీ’ పేరుతో రెండు నమూనా బండ్లను రోటర్‌డామ్‌లోనే చూపించారు. ఏడాది తిరిగి నెల గడిచేసరికి, 1940 మే 14న, జర్మన్ విమానాలు ఆ నగరం నడిబొడ్డును నేలమట్టం చేశాయి.

నకలు వాదన వినిపించేవారు ఈ బండిని 1945 తర్వాత వచ్చిన వాటితో కలిపి ఒకే గాటన కట్టడం వల్లనే చిక్కు వస్తోంది. యుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125 నమూనా విజేతల పాలైంది. దాని నుంచే బ్రిటన్‌లో బీఎస్ఏ బాంటమ్, అమెరికాలో హార్లే 125, సోవియట్ యూనియన్‌లో ఎం-1ఏ పుట్టాయి. యమహా మొదటి బండి వైఏ-1 కూడా 1955లో అదే నమూనాను అనుసరించింది (మన ఆర్‌ఎక్స్ 100 అభిమానులు ఈ చుట్టరికాన్ని గుర్తుంచుకోవచ్చు). యమహాను పక్కన పెడితే అవి గెలిచినవారికి దక్కిన వాటా. రాయల్ బేబీ అలా కాదు, పొట్ట కొట్టించుకున్న వ్యాపారి తన బతుకుతెరువు కోసం వెతుక్కున్న దారి.

యుద్ధం రావడంతో ఆ రాయల్ బేబీ బ్రిటిష్ సైన్యం చేతికి వెళ్ళి ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అయింది. బరువు దాదాపు 59 కిలోలు, అంటే నేటి బుల్లెట్‌లో మూడో వంతు కూడా లేదు. కంచె అడ్డొస్తే సైనికులు దాన్ని ఎత్తి అవతల పెట్టేవారు. ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రంలో బిగించి పారాచూట్‌తో జారవిడిచేవారు. చట్రంలో ఇమడడానికి హ్యాండిల్‌ను వదులు చేసి పక్కకు తిప్పేవారు, కిక్ రాడ్డు, పాదాలు మోపే కడ్డీలు మడతపడేవి. శత్రువు చెవిన పడకుండా పొగ గొట్టం దారిలో రెండు పెట్టెలు అమర్చారు. ముందు ఫోర్కులో స్ప్రింగులకు బదులు రబ్బరు పట్టీలు, గేరు మార్చడానికి ట్యాంకు పక్కన చేతి లివరు ఉండేవి. సైన్యానికి నచ్చిన ఈ తేలికదనమే రోటర్‌డామ్ వర్తకుడు అంతకుముందు కోరుకున్నది.

ఇంగ్లండ్ కంపెనీ మూతపడ్డాక రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరు నిలిచింది 1955లో మద్రాసులో మొదలైన సంస్థ వల్ల. ఈనాటి విద్యుత్ బండి వారిదే, పాత పేరు వాడుకునే హక్కూ వారిదే. కొత్త బండికి ముందు చక్రాన్ని పట్టి ఉంచే పాత కాలపు గర్డర్ ఫోర్కును కూడా తిరిగి తొడిగారు. పారాచూట్ కథనూ తిరిగి వినిపిస్తున్నారు. స్టాక్‌విస్ పేరు మాత్రం మ్యూజియంకు వెళ్ళి బండి పుట్టుపూర్వోత్తరాలు అడిగేవారికే ఎదురవుతుంది.