వడ్లా, బియ్యమా? దేశాల ఉత్పాదకత లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

అపోహ: చైనాలో వరి దిగుబడి మనకు రెండున్నర రెట్లు.

వాస్తవం: ఈ తప్పు నేనూ చేశాను. ఓసారి క్లాసులో చైనాకు హెక్టారుకు 7 టన్నులు, మనకు 2.8 టన్నులు అని స్లైడ్ వేశాను. వెనక బెంచీ నుంచి రైసు మిల్లు వాళ్లబ్బాయి, "సార్, ఇవి వడ్లా, బియ్యమా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత చూస్తే 7 వడ్ల లెక్క, 2.8 బియ్యం లెక్క. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వడ్లలో చెబుతుంది, మన వ్యవసాయ శాఖ బియ్యంలో. క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం అన్న మన మిల్లింగ్ లెక్కే వేసుకుంటే మనది 4.2 టన్నులు. చైనా ముందున్న మాట నిజమే, కానీ రెండున్నర రెట్లు కాదు.

అపోహ: అమెరికాలో ఏ పంటైనా ఎకరానికి మనకంటే ఎక్కువే.

వాస్తవం: మొక్కజొన్నలో అవును, మూడు రెట్లు. గోధుమలో కాదు. మనకు హెక్టారుకు 3.5 టన్నులు వస్తే వాళ్లకు అటూ ఇటూగా అంతే. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో గోధుమకు చాలావరకు వానే దిక్కు, పంజాబ్‌లో తడులు పెడతారు. అసలు తేడా ఒక్కో మనిషి ఎంత పండిస్తాడన్న లెక్కలో ఉంది. అక్కడ సగటు కమతం 460 ఎకరాల పైమాట, మనది రెండున్నర, మూడెకరాల మధ్య.

అపోహ: దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం మంది పొలాల్లో ఉండి 18 శాతం విలువే తెస్తున్నారంటే, మిగతా రంగాల వాళ్లతో పోలిస్తే రైతు పని నాలుగో వంతే.

వాస్తవం: ఇక్కడ లెక్కపెట్టింది తలలను, గంటలను కాదు. నాట్లప్పుడు, కోతలప్పుడు తప్ప చాలామందికి పొలంలో రోజంతా పని ఉండదు. మిగతా రోజుల్లో మేస్త్రీ పనికో, ఆటో తోలడానికో వెళ్లేవాళ్లు కూడా సర్వేలో వ్యవసాయం కిందికే రావచ్చు. గంటల్లో చూస్తే తేడా తగ్గుతుంది, పోదు.

అపోహ: వ్యవసాయం లెక్కలే గజిబిజి, పరిశ్రమలవి పక్కా.

వాస్తవం: 2015లో ఐర్లండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో సుమారు 26 శాతం పెరిగినట్టు తేలింది. అందుకు తగ్గన్ని ఫ్యాక్టరీలు అక్కడ రాత్రికి రాత్రి లేవలేదు. బహుళజాతి కంపెనీలు పేటెంట్ల వంటి ఆస్తులను కాగితాల మీద అక్కడికి మార్చాయి, అంతే. ఆ అంకెను కార్మికుల సంఖ్యతో భాగించి "ఐరిష్ కార్మికుడి సత్తా" అని చెప్పినవాళ్లూ ఉన్నారు. చివరికి ఐర్లండ్ గణాంక శాఖే సవరించిన జాతీయాదాయం అని వేరే కొలత తయారు చేసుకుంది.