గంగ గొంతు ఎక్కడ తప్పిపోయింది?

మా వీధి వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఒక వీడియో మీద గొడవ జరుగుతోంది. తిరుపతిలో ఒక లేడీస్ హాస్టల్, రాత్రిపూట, ఊగిపోతూ అరుస్తున్న ఒక అమ్మాయి. అర నిమిషం కూడా ఉండదు. ఆ అమ్మాయి ఏమంటోందో మనకి వినపడదు. దాని మీద ఎవరో 'చంద్రముఖి'లోని లకలక అరుపు అతికించారు. ఇంతకు మించి అందులో ఏముందో రాయను. చూడాల్సిన దానికన్నా ఎక్కువమందే చూసేశారు.

"తీసెయ్యండి, ఆ పిల్ల రేపు కాలేజీకి వెళ్ళాలి, ఈ ఊళ్ళోనే తిరగాలి" అని మొదట రాసింది మా వీధిలో ఉండే నర్సు అక్క. తర్వాత మెడిసిన్ చదివే కుర్రాడొకడు తప్పంతా ఆ సినిమాదే అన్నాడు. ఆడపిల్లకి కాస్త ఒంట్లో బాగాలేక అరిస్తే చాలు, చంద్రముఖి పట్టిందనడం అప్పటినుంచే మొదలైందని అతని వాదన. దాంతో అభిమానులకి మండింది. "సినిమాలో హీరోనే సైకియాట్రిస్టు. దెయ్యం లేదు, అది జబ్బు అని చెప్పిందే ఆ సినిమా. సరిగ్గా చూసి మాట్లాడండి" అన్నారు. టీవీలో ఆ సినిమా వచ్చిన ప్రతిసారీ, కొత్త భాగం విడుదలైన ప్రతిసారీ మన ఊళ్ళో లేచే తగవే ఇది.

అభిమానుల మాటలో నిజం ఉంది. పాత బంగళాలో ఎప్పుడో చనిపోయిన నర్తకి కథ విని, ఆ నర్తకి తానే అనుకునే గంగ అనే కోడలి కథ అది. అందులో నిజంగానే దెయ్యం లేదు. మరి మనకెందుకు దెయ్యమే గుర్తుండిపోయింది? దీనికి జవాబు నాకు తెలిసినంతలో ఒక్కచోటే దొరుకుతుంది. అది కథలో లేదు, నటనలో లేదు, డబ్బింగులో ఉంది.

'చంద్రముఖి'కి మూలమైన, 1993 డిసెంబరులో మలయాళంలో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళ్', మధు ముట్టం రాసిన ఆ కథ, శోభనకి వచ్చిన జాతీయ అవార్డు, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. తెలియని సంగతి వేరే ఉంది. శోభన ఒక్క ముఖానికి ఆ సినిమాలో రెండు గొంతులు. ఇంటి కోడలు గంగగా మలయాళం మాట్లాడేటప్పుడు గొంతు భాగ్యలక్ష్మిది. తంజావూరు నుంచి వచ్చిన నర్తకి నాగవల్లిగా తమిళం మాట్లాడేటప్పుడు గొంతు దుర్గ అనే తమిళ డబ్బింగ్ కళాకారిణిది. ఈ రెండో పేరు ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ తెలియదు. రెండూ భాగ్యలక్ష్మే చెప్పిందనుకున్నారు. 2016లో ఫాజిల్ స్వయంగా బయటపెట్టేదాకా దుర్గకి ఆ గుర్తింపు రాలేదు.

ఎందుకంత శ్రమ? కథంతా ఆ మాట మారడం మీదే నిలబడింది గనక. భర్త వద్దన్నందుకు గంగ ఒక్కసారిగా మారిపోయి, మంచం ఎత్తి పడేసే సన్నివేశంలో ఆమె మలయాళం వదిలేసి తమిళం అందుకుంటుంది. అక్కడ చూసేవాళ్ళకి కళ్ళకన్నా ముందు చెవికి తెలుస్తుంది, ఈమె లోపల ఇంకొకరు ఉన్నారని. అది దెయ్యం కాదని, ఒక మనిషి రెండుగా చీలిపోయిందని డాక్టరు తర్వాత వివరిస్తాడు. కానీ ఆ చీలికని మనకి మొదట వినిపించింది భాష.

2004లో పి. వాసు దీన్ని కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీసినప్పుడు ఈ మర్మం పట్టుకున్నాడు. నాగవల్లిని తెలుగు నర్తకిని చేశాడు. కన్నడ ఇంటి కోడలు రాత్రిపూట తెలుగు పాడుతుంది. 2005లో తమిళంలో 'చంద్రముఖి' తీసినప్పుడు కూడా అదే. రాజు వేటాడి తెచ్చుకున్న నర్తకి విజయనగరం వైపు మనిషి. తమిళ సినిమా పతాక సన్నివేశంలో జ్యోతిక ఆడే 'రా రా' పాట తెలుగులోనే ఉంది. భువనచంద్ర రాశారు. తమిళనాడు మొత్తం అర్థం తెలియకుండానే ఆ పాట పాడింది.

ఆ సినిమా 2005 ఏప్రిల్ 14న, తమిళ సంవత్సరాది రోజున విడుదలైంది. చిత్తూరు మనిషికి వేలూరు గంట ప్రయాణం. రజనీకాంత్ సినిమా వస్తే తెలుగు దాకా ఆగని కుటుంబాలు మావైపు చాలా ఉన్నాయి. మేమూ వెళ్ళాం, మా పెద్దమ్మ, నేను, ఇద్దరు పిల్లలు. హాలంతా తమిళం. 'రా రా' మొదలయ్యేసరికి పక్క సీటులో ముసలాయన మా పెద్దమ్మ వైపు వంగి ఏమంటోందమ్మా అని అడిగాడు. పెద్దమ్మ తమిళంలో చెప్పింది. చెప్పాక ఆయన "అయ్యో, ఆ పిల్లకి ఈ భాష రాదే" అన్నాడు. దెయ్యమని ఆయన నోట రాలేదు. కొంచెం సేపటికి "పాపం" అన్నాడు. ఆ హాల్లో ఆ పాట పరాయి భాషలో ఉండటం వల్లే ఆయనకి ఆ అమ్మాయి చీలిపోయిందని అర్థమైంది. మాకు మాత్రం అది మా భాషే. మాకు రెండూ తెలుసు, అందుకే రెండు సినిమాలూ చూసినట్టయింది.

అదే వేసవిలో తిరుపతిలో తెలుగు డబ్బింగు చూశాం. ఇక్కడ గంగ తెలుగే, ఆమె భర్త తెలుగే, డాక్టరు తెలుగే, చంద్రముఖీ తెలుగే. గొంతు బొంగురుపోవడం ఒక్కటే తేడా. గొంతు మారితే మనం ఏమనుకుంటాం? పూనకం అనుకుంటాం. మాట మారితేనే కదా, ఈ మాట ఈమెకి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆలోచిస్తాం. డబ్బింగు చేసినవాళ్ళని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ఒక్క పాత్రకి తమిళమో కన్నడమో పెట్టాలంటే పాటే మార్చాలి, పాటే ఈ సినిమాకి ప్రాణం. వాళ్ళకి దారి లేదు. కానీ నష్టం మాత్రం జరిగింది. తెలుగు ప్రేక్షకుడికి చేరింది తాళంచెవి పోయిన గది.

తిరుపతిలో అది ఇంకో కారణం వల్ల కూడా ముదిరింది. తాతయ్యగుంట గంగమ్మ కథ ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు, వాణ్ణి వెతుక్కుంటూ వేషం మీద వేషం వేసిన గంగమ్మ, చివరికి దొర వేషంలో వాడి తల తీయడం. మే నెల జాతరలో మగవాళ్ళు చీరలు కట్టి, పసుపు పూసుకుని వీధుల్లో నడుస్తారు. ఎవరో ఒకరికి పూనుతుంది, పక్కనున్నవాళ్ళు భయపడరు, దండం పెట్టి దారి ఇస్తారు. పాలెగాణ్ణి చంపాక మాతంగి వేషంలో వెళ్ళి వాడి భార్యని ఓదార్చే ఘట్టం కూడా ఉంది ఆ కథలో. అమ్మవారి కోపానికి ఇంత పద్ధతి, ఇంత మర్యాద ఉన్న ఊరు ఇది. ఆ ఊరికి ఒక సినిమా వచ్చి, ఆడదాన్ని చంపిన రాజు మీద పగ తీర్చుకునే నర్తకిని చూపించింది. ఆ నర్తకి తానే అనుకునే కోడలి పేరు కూడా గంగ. హాల్లో హారతులు పట్టినవాళ్ళని నేను చూశాను. వాళ్ళకి అక్కడ జబ్బు కనపడలేదంటే నేను ఆశ్చర్యపోను. మనకి కథ ముందే సిద్ధంగా ఉంది, సినిమా వచ్చి అందులో కూర్చుంది.

అయితే జాతరలో పూనకానికి చుట్టూ జనం ఉంటారు, ముగింపు ఉంటుంది, ఇంటికి తీసుకెళ్ళే చేతులుంటాయి. హాస్టల్ గదిలో అరిచే పిల్లకి ఇవేవీ లేవు. ఈ తేడా చెప్పడానికే ఆ కథలో డాక్టరున్నాడు.

డాక్టరు విషయంలోనూ మలయాళానికీ తర్వాతి వాటికీ చాలా దూరం. ఫాజిల్ సినిమాలో మోహన్‌లాల్ చాలా ఆలస్యంగా వస్తాడు. అప్పటికి ఇల్లూ, ఇంట్లో మనుషులూ, గంగా మనకి పరిచయమైపోతారు. గంగ చిన్నతనం గురించి డాక్టరు వెళ్ళి కనుక్కుంటాడు. అమ్మానాన్నా కలకత్తాలో, పిల్ల అమ్మమ్మ దగ్గర. ఉన్నట్టుండి ఒకరోజు వచ్చి తీసుకుపోతామన్నప్పుడు ఆ పిల్ల ఎంత బెదిరిందో అక్కడ తెలుస్తుంది. 'బాబా' దెబ్బతిన్నాక రజనీకాంత్‌కి నిలబడే సినిమా కావాలి, అందుకని 'చంద్రముఖి'లో హీరో మొదటి రీల్లోనే ఫైటుతో, పాటతో దిగుతాడు. ఆ ఫైట్ల మధ్య గంగ బాల్యం చిక్కిపోయింది. దానికి తోడు, కన్నడంలోనూ తమిళంలోనూ వాసు ఒక పెద్ద నాగుపామును పెట్టాడు. అంతా సద్దుమణిగాక అది ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. ఫాజిల్ సినిమాలో ఆ పాము లేదు. "జబ్బే, కానీ..." అనిపించేలా చేసిన ఆ 'కానీ' తర్వాత పెరిగి పెద్దదైంది. 2010లో తెలుగులో వచ్చిన 'నాగవల్లి'కి వచ్చేసరికి కీడు తెచ్చే చిత్రపటం, వందేళ్ళు దాటినా చావని రాజు. అక్కడికి సైకియాట్రీ పేరుకే మిగిలింది.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. ఆప్తమిత్రలో నాగవల్లి వేసిన సౌందర్య 2004 ఏప్రిల్ 17న విమాన ప్రమాదంలో పోయింది. సినిమా ఆగస్టులో విడుదలైంది. రెండో భాగం 'ఆప్తరక్షక' విడుదలకి ముందు, 2009 డిసెంబరు 30న ఆ సినిమాల హీరో విష్ణువర్ధన్ పోయాడు. ఈ రెండు చావుల్నీ కలిపి నాగవల్లి శాపమని ఇప్పటికీ వీడియోలు వస్తాయి. పలమనేరు దాటితే ములబాగిలు, సౌందర్య పుట్టిన ప్రాంతం. మన పక్కింటి పిల్ల లాంటిది. ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన మనిషి చిన్న విమానం కూలి చనిపోతే దాన్ని కూడా దెయ్యం ఖాతాలో రాయడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఇక వైద్యుల పక్షం. సినిమాలో చెప్పిన జబ్బుకి అప్పట్లో ఉన్న పేరు బహుళ వ్యక్తిత్వం. 1994లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఆ పేరు మార్చి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంది. మనిషి లోపల ఇంకో మనిషి చేరడం కాదు, ఉన్న ఒక్క మనిషి ముక్కలవడం అని ఆ మార్పుకి అర్థం. మన దేశంలో ఇది ఎక్కువగా పూనకం రూపంలోనే బయటపడుతుందని డాక్టర్లు చెబుతారు. నోరు తెరిచి చెప్పుకోలేనిది ఇంకొకరి పేరుతో బయటికి వస్తుంది. ఈ జబ్బూ, లేని మాటలు వినపడే స్కిజోఫ్రీనియా ఒకటి కాదు. సినిమాలో చూపినట్టు ఒక్క రాత్రి, ఒక బొమ్మని నరికించి నయం చేసేది అంతకన్నా కాదు. నెలలు, కొన్నిసార్లు ఏళ్ళు, నమ్మకం కుదిరిన ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడటం. వేలూరు బాగాయంలో సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి వాళ్ళ మానసిక వైద్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్ళని కూడా ఉంచుకుంటారు. మా చిత్తూరు వైపు నుంచి వెళ్ళి, ఆ ఆవరణలో అన్నం వండుకుంటూ వారాలు గడిపి వచ్చినవాళ్ళు నాకు తెలుసు. అది సినిమాకి పనికిరాదు, అక్కడ ఎవరూ అరవరు.

'చంద్రముఖి' రావడానికి నాలుగేళ్ళ ముందే, 2001 ఆగస్టు 6న, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో పాకకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. దెయ్యం వదిలించుకోవడానికి ఇంటివాళ్ళే తెచ్చి విడిచినవాళ్ళు. ఆ తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరాలు గానీ ఆ మనిషి అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని అదే చట్టం అంటుంది. హాస్టల్ గదిలో ఇంకా ఏ డాక్టరునీ చూడని పిల్లకి ఆ రక్షణ అందుతుందా అంటే, అక్షరాలా చదివితే అందదు. 2024 జులైలో ఒక హిందీ సినిమా కేసులో సుప్రీంకోర్టు, వైకల్యాన్నీ జబ్బునీ చూపేటప్పుడు వైద్యపరంగా సరిచూసుకోండి, కించపరిచే మాటలు వాడకండి అని సినిమావాళ్ళకి సూచనలిచ్చింది. అది తీసేవాళ్ళకి. చూసి, కత్తిరించి, అతికించి పంపేవాళ్ళకి కాదు.

అభిమానులు అడిగేది ఒకటే, ఇరవై ఏళ్ళ కిందటి సినిమాని ఇప్పుడెందుకు బోనెక్కిస్తారని. సినిమాని ఎక్కించక్కర్లేదు. సైకియాట్రిస్టుని హీరోగా పెట్టి చెన్నై శాంతి థియేటర్లో 800 రోజులకు పైగా ఆడిన సినిమా అది. ఆ కష్టాన్ని కాదనను. మెడిసిన్ కుర్రాడు కూడా ఆ ఒక్కటీ ఒప్పుకున్నాడు.

మొన్న ఆదివారం నర్సు అక్క నన్ను ఇంటికి పిలిచింది. ఆ వీడియో మొదట తీసిన పిల్ల అక్కడ కూర్చుని ఉంది, ముక్కు తుడుచుకుంటూ. వార్డెన్‌కి చూపించడానికి తీశానక్కా, ఆ సౌండు నేను పెట్టలేదు, ఎవరికో పంపితే వాళ్ళు పెట్టారు అంది. ఆ రాత్రి హాస్టల్లో అందరూ హడలిపోయింది అరుపుకి కాదట. ఆ అమ్మాయి ఎప్పుడూ మాట్లాడని వేరే భాష మాట్లాడిందని. అందుకే చంద్రముఖి అన్నారట.

అసలు వీడియో ఇంకా ఆ పిల్ల ఫోన్లో ఉంది. అక్క పెట్టమంది. లకలక లేదు. ఫ్యాను చప్పుడు, తలుపు కొడుతున్న చప్పుడు, మధ్యలో ఆ అమ్మాయి గొంతు. చిత్తూరు దాటాక తమిళనాడు సరిహద్దులో ఊరు వాళ్ళది, ఇంట్లో మాట్లాడేది తమిళం. హాస్టల్లో నవ్వుతారని రెండేళ్ళుగా తెలుగే మాట్లాడుతోంది.

"అమ్మావుక్కు ఫోన్ పోడుంగ" అంటోంది. అమ్మకి ఫోన్ చెయ్యండి అని. అదే మాట, మళ్ళీ మళ్ళీ.

అక్క ఆ పిల్లచేత వీడియో చెరిపించి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416 కాగితం మీద రాసిచ్చింది. హాస్టల్లో గోడకి అంటించమని.