కుంచంలో పదో వంతు

మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. ఒకప్పుడు నా దగ్గర స్టాటిస్టిక్స్ నేర్చుకున్న కుర్రాడు. ఇప్పుడు వ్యవసాయంలో పీజీ చేస్తున్నాడు. పలకరింపు కూడా లేకుండా, "మేడమ్, ఆర్‌లో బగ్ దొరికింది" అన్నాడు. ఆర్ అంటే స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే కంప్యూటర్ భాష, బగ్ అంటే ప్రోగ్రాంలో దాగిన తప్పు. గొంతులో టెన్షన్ ఒక పాలు, సంబరం మూడు పాళ్లు.

సంగతి ఇది. మందు మోతాదులు 0 నుంచి 1 దాకా, 0.1 చొప్పున పెంచుకుంటూ పోతే మొత్తం 11. వాటిని సీక్వెన్స్ ఫంక్షన్‌తో తయారుచేసి, ఒక్కో మోతాదు పక్కన మొక్క ఎత్తు రాసుకున్నాడు. 0.3 ఉన్న వరుస ఒక్కటీ చూపించమంటే ఆర్ సున్నా వరుసలు చూపించింది. టేబుల్ మొత్తం తెరిస్తే నాలుగో వరుసలో 0.3 దర్జాగా కూర్చుని ఉంది. 0.5 అడిగితే ఇస్తోంది. 0.6, 0.7 అడిగితే మళ్లీ లేవంటోంది. ఆర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాడు. ఇంకొకరి లాప్‌టాప్‌లోనూ చూశాడు. అక్కడా అంతే. హాస్టల్లో సంఖ్యాశాస్త్రం వంటబట్టిన మిత్రుడొకడు 3, 6, 7 వీడికి అచ్చిరాని అంకెలని తేల్చేశాడట.

ఆ మిత్రుణ్ని నేనేమీ అనను. ఏవి మాయమవుతున్నాయో, ఏవి కావడం లేదో విడదీసి చూశాడు కదా, సగం సైన్స్ అక్కడే అయిపోయింది. మిగతా సగం దగ్గరే జాతకంలోకి మళ్లాడు.

"ఆ నాలుగో వరుసని 17 అంకెలతో ప్రింట్ చెయ్యి నాన్నా" అన్నాను. కాసేపు కీబోర్డు చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. తెర మీద వచ్చింది 0.30000000000000004. "ఈ చివరి 4 ఎక్కణ్నుంచి వచ్చింది మేడమ్?"

ఆర్ మామూలుగా మనకు 7 అంకెలే చూపిస్తుంది. లోపల దాచుకున్నది వేరు, తెర మీద పెట్టేది వేరు. ఆర్‌లో బగ్ దొరికిందంటూ నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చాలావరకు ఈ రెంటి మధ్య సందులో ఇరుక్కున్నవే. అయితే ఆ 4 సంగతి చెప్పాలంటే మా అమ్మమ్మగారి కొట్టుగదిలోకి వెళ్లాలి.

అక్కడ ధాన్యం కొలిచే పాత్రలు వరసగా ఉండేవి. మా వైపు లెక్క: కుంచంలో సగం అడ్డ, అడ్డలో సగం మానిక, మానికలో సగం తవ్వ, తవ్వలో సగం సోల. సోల కింద అరసోల, గిద్ద, అరగిద్ద. ప్రతి పాత్రా పై పాత్రలో సరిగ్గా సగం. మన భిన్నాల పేర్లూ అలాంటివే: అర, పావు, పరక, వీసం. వీసం అంటే పదహారో వంతు. ఇలా సగాల మీద సగాలుగా కొలవడాన్నే ఇప్పుడు బైనరీ అంటున్నాం. కంప్యూటర్ దగ్గరున్నవీ ఈ పాత్రలే, కాకపోతే చిన్నవి ఇంకా చాలా ఉంటాయి. నియమం ఒక్కటే: ఒక్కో పాత్రతో ఒకసారి పోయవచ్చు, లేదా పోయకుండా వదిలేయవచ్చు.

ఇప్పుడు అమ్మమ్మను కుంచంలో పదో వంతు బియ్యం కొలిచి ఇమ్మనండి. కుంచానికి 16 సోలలు కాబట్టి పదో వంతంటే 1.6 సోలలు. ఒక సోల పోసింది. అరసోల పోసింది. ఒకటిన్నర అయింది. ఇంకా ఎంత పోయాలి? 0.1 సోల. అంటే సోలలో పదో వంతు!

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నాకు ఈ లెక్కంతటిలో ఇంతకంటే అందమైన చోటు లేదు. కుంచంలో పదో వంతు కోసం బయల్దేరితే, రెండు పాత్రలు పోశాక, సోలలో పదో వంతు కావలసి వచ్చింది. సమస్య తీరలేదు, పదహారో వంతుకు చిక్కి మళ్లీ ఎదురుగా నిలబడింది. ఆ సోలనే కుంచం అనుకుని మొదలుపెడితే, దానిలో వీసం, అరవీసం పోయగా మళ్లీ ఆ వీసంలో పదో వంతు మిగులుతుంది. ఎన్ని తరాల అమ్మమ్మలు కూర్చుని కొలిచినా ఇది తెగదు. 10 అంటే 2 ఇంటూ 5. ఎన్నిసార్లు సగం చేసినా ఆ 5 లొంగదు. మన దశాంశాల్లో మూడో వంతు 0.333 అంటూ పోయినట్టే, సగాల లోకంలో పదో వంతు అంతులేకుండా పోతుంది. పావు, అర, ముప్పావు మాత్రం ఇట్టే కుదిరిపోతాయి. అందుకే 0.5 అడిగితే బుద్ధిగా వచ్చింది.

కంప్యూటర్‌కు ఓపిక ఉన్నా పాత్రలు అయిపోతాయి. కంప్యూటర్లు భిన్నాలను ఎలా దాచుకోవాలో చెప్పే ఐఇఇఇ 754 ప్రమాణం 1985లో ఖరారైంది. దాని ప్రకారం డబుల్ అనే రకం సంఖ్యకు 53 పాత్రలు, అంటే 53 బిట్లు. పోస్తే 1, వదిలేస్తే 0, అదే బిట్. ఆర్‌తో పాటు పైథాన్, జావాస్క్రిప్ట్, ఎక్సెల్ అన్నీ ఈ కొట్టుగది సామానే వాడతాయి. పదో వంతు కొలతలో ఒక్కో విడతకు నాలుగు పాత్రలు చేతిలోకి తీసుకుంటాం: రెండు పోస్తాం, రెండు పక్కన పెడతాం. 13 విడతలకు 52 అయిపోయాయి. పద్నాలుగో విడతకు మిగిలింది ఒకే ఒక్క పాత్ర. కావలసిందేమో ఆ పాత్రతో 1.6. ఒకటి పోస్తే 0.6 తక్కువ, రెండు పోస్తే 0.4 ఎక్కువ. దగ్గరది రెండే కాబట్టి రెండు పోసేసింది, అంటే పక్కన పెట్టిన పై పాత్రతో ఒకసారి. అంటే కంప్యూటర్లో 0.1 అని రాసుకున్నది అసలు 0.1 కంటే ఆఖరి పాత్రలో 0.4 మేర ఎక్కువ.

ఇక మా వాడి 0.3. లెక్క కొంచెం చిక్కగా ఉంటుంది, టీ పెట్టుకుని చదవండి. ఆ ఆఖరి పాత్రను చిటికెడు అందాం. 0.1లో 0.4 చిటికెడు ఎక్కువుంది. సీక్వెన్స్ ఫంక్షన్ నాలుగో సంఖ్యను 0.1ని 3తో గుణించి తయారుచేస్తుంది కాబట్టి ఎక్కువ 1.2 చిటికెలైంది. అయితే సంఖ్య పెద్దదైతే పాత్రల వరుస పైనుంచి మొదలవుతుంది, ఆఖరి పాత్రా పెద్దదవుతుంది. 0.3 దగ్గర అది 4 చిటికెల పాత్ర. ఆ పాత్రలతో కొలవగలిగే సంఖ్యలను స్కేలు మీద గీతలనుకోండి, ఏ సంఖ్యయినా ఏదో ఒక గీత మీదే నిలబడాలి. మనం నేరుగా 0.3 అని టైపు చేస్తే, దానికి దొరికే దగ్గరి గీత 0.8 చిటికెలు తక్కువలో ఉంది. దాని పై గీత 3.2 చిటికెలు ఎక్కువలో. మన గుణకారం వచ్చి నిలబడింది 1.2 దగ్గర. కింది గీతకు రెండు చిటికెలు, పై గీతకూ రెండు చిటికెలు. సరిగ్గా నట్టనడుమ!

నట్టనడుమ పడితే ఏం చేయాలో ప్రమాణంలో రాసి ఉంది: చివరి బిట్ సరిసంఖ్య అయ్యేవైపు వెళ్లు. ఆ సరి వైపు ఇక్కడ పై గీత అయింది. 0.1కి 0.2 కలిపినా ఇంతే, 0.2లో ఎక్కువ 0.8 కాబట్టి మొత్తం మళ్లీ 1.2. టైపు చేసిన 0.3 కింది గీత మీద, లెక్కలో వచ్చిన 0.3 పై గీత మీద. రెండూ సమానమా అని == పెట్టి అడిగితే కాదని చెప్పడం తప్పెలా అవుతుంది? 0.6 అంటే దీనికి రెట్టింపే కనుక దానిదీ ఇదే గతి. 0.7 మాత్రం నడుమ పడలేదు, పోగైన తేడాతో నేరుగా గీత దాటింది. 0.4, 0.8, 0.9 దాటకుండా బయటపడ్డాయి. 3, 6, 7ల జాతకం ఇంతే.

సరివైపు వెళ్లే నియమం మా వాళ్లకు ఇంకోచోట కూడా తగులుతుంది. ఆర్‌లో 2.5ని రౌండ్ చేస్తే 2 వస్తుంది, 3.5ని చేస్తే 4. అరకు పైకి వెళ్లాలని బళ్లో నేర్పాం కదా, పిల్లలు గగ్గోలు పెడతారు. ప్రతి అరనూ పైకే తోస్తే వేల లెక్కలు కలిపేసరికి మొత్తం పైకి ఒరుగుతుంది. అందుకని సగం సార్లు పైకి, సగం సార్లు కిందికి. బళ్లో ఈ కారణం చెప్పరు, రూలు మాత్రం వల్లె వేయిస్తారు.

మన దేశం ఇలాంటి లెక్కను తిరగేసి ఒకసారి అనుభవించింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి 16 అణాలు, అంటే అణా అచ్చంగా వీసం. కొత్త లెక్కలో అణాకు 6.25 పైసలు రావాలి. పావు పైసా లేదు. అందుకని అణాకు ఆరు, బేడకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు పాతిక. నాలుగుసార్లు విడివిడిగా అణా మార్చుకుంటే 24 పైసలు, ఒకేసారి పావలా మార్చుకుంటే 25. దాన్ని రూపాయిలో బగ్ అంటామా?

పదిహేడో స్థానంలో తేడా ఎవరికి కావాలి అనుకోవచ్చు. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా పేట్రియట్ క్షిపణి వ్యవస్థ ఒక ఇరాకీ స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. ఆ యంత్రం కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కపెట్టేది, పాత్రలేమో 24 బిట్లకే ఆగిపోయేవి. ఒక్కో టిక్కుకు తేడా సుమారు 0.000000095 సెకన్లు. ఆపకుండా 100 గంటలు నడిచేసరికి 36 లక్షల టిక్కులు. గుణించి చూడండి, 0.34 సెకన్లు. సెకనుకు కిలోమీటరున్నర పైగా పోయే స్కడ్ ఆపాటికి అర కిలోమీటరు దాటేసింది.

మా వాడికి చెప్పిన మందు సులువైనదే. మోతాదులను 0 నుంచి 10 దాకా పూర్ణాంకాలుగా పెట్టుకుని, చూపించేటప్పుడు మాత్రం 10తో భాగించు. లేదంటే == మానేసి ఆల్.ఈక్వల్ వాడు, అది 0.000000015 పాటి తేడాను చూసీ చూడనట్టు పోతుంది. ఆర్ అధికారిక ప్రశ్నోత్తరాల్లో 7.31వ ప్రశ్న ఈ గొడవ గురించే. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ భాష 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. ఇన్నేళ్లయినా ఆ ప్రశ్నకు పాఠకులు తగ్గినట్టు లేరు.

మిగతా దొంగ బగ్గులు చిన్నవి, గబగబా చెబుతాను. దిగుబడి కాలమ్‌లో ఎవరో ఒక గడిలో "లేదు" అని కొట్టారనుకోండి, కాలమ్ మొత్తం అక్షరాలైపోతుంది. 2020లో 4.0.0 వెర్షన్ వచ్చేదాకా ఆర్ అలాంటి కాలమ్‌ను తనంతట తానే ఫ్యాక్టర్‌గా మార్చేసేది. అంటే ప్రతి విలువకూ రేషన్ షాపు క్యూలో ఇచ్చినట్టు టోకెన్ నంబరు. దాన్ని అంకెలుగా మార్చమంటే టోకెన్లు చేతిలో పెడుతుంది. 42 బస్తాల పొలం 3 అయి కూర్చుంటుంది. శాంపుల్ ఫంక్షన్‌కు మడుల నంబర్ల జాబితా ఇస్తే చీటీలు తీసినట్టు అందులోంచి తీస్తుంది, కానీ జాబితాలో 7 ఒక్కటే మిగిలితే 1 నుంచి 7 దాకా అన్నీ ఇచ్చామనుకుంటుంది. ఇది ఎవరికైనా చిరాకే, ఆ డిజైన్‌ను నేను వెనకేసుకు రాను. ఆర్‌లో నిజం అని చెప్పే మాట ట్రూ. దానికి పొట్టిపేరైన ఇంగ్లిష్ టీ అక్షరాన్ని ఎవరైనా ఉష్ణోగ్రతకు పేరుగా పెట్టి 0 ఇచ్చారంటే, ఆపైన ఆ టీ వాడిన చోటల్లా నిజం అబద్ధమవుతుంది. పైగా మూసేటప్పుడు వర్క్‌స్పేస్, అంటే అప్పటిదాకా పేర్లు పెట్టుకున్న సామానంతా, దాచమని ఒప్పుకుంటే ఆ 0 మర్నాడు కూడా లేచి వస్తుంది. ఆర్‌ను తీసేసి ఎక్కించినా పోదు, ఎందుకంటే అది ఉన్నది మీ ఫోల్డర్‌లో. నిమ్మకాయలు కట్టేముందు ఖాళీ సెషన్ తెరిచి, ఐదారు వరుసల డేటాతో మళ్లీ చేసి చూడండి.

"అయితే ఆర్‌లో నిజం బగ్గులే ఉండవా మేడమ్?" అన్నాడు, కాస్త నీరసంగా.

ఎందుకుండవు నాన్నా. 2019 దాకా ఆ శాంపుల్ ఫంక్షన్‌లోనే ఒకటి ఉండేది. యాదృచ్ఛిక సంఖ్యను జాబితా పొడవుతో గుణించి, భిన్నం కొట్టేసేవారు. ఆర్ మామూలుగా తీసే యాదృచ్ఛిక సంఖ్యలకు 32 బిట్లే, అంటే సుమారు 429 కోట్ల గింజలు. పంచుకునేవాళ్లు వందమందైతే తేడా కనపడదు. 172 కోట్ల మంది అనుకోండి, తలా రెండున్నర రావాలి. గింజ విరగదు. ఒకరికి 2, పక్కవారికి 3, మళ్లీ 2, మళ్లీ 3. ఆ జాబితాలోంచి పది లక్షల సంఖ్యలు తీస్తే సరి, బేసి సగం సగం రావలసింది 40 శాతం, 60 శాతంగా చీలిపోయేవి. 3.6.0 వెర్షన్‌లో పద్ధతి మార్చారు. దాంతో ఇంకో గొడవ: యాదృచ్ఛిక సంఖ్యలను మొదలుపెట్టించే సీడ్ ఒక్కటే ఇచ్చినా పాత ఆర్‌లో ఒక శాంపుల్, కొత్త ఆర్‌లో ఇంకోటి. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను ముందు వెర్షన్ అడుగుతాను.

నా పాత పాఠాల్లో అచ్చయిన శాంపుళ్లు మళ్లీ రావాలంటే "రౌండింగ్" అనే ఆ పాత పద్ధతినే పేరు పెట్టి పిలవాలి. పిలవవచ్చు, తీసేయలేదు. పిలిచిన ప్రతిసారీ, ఈ పంపకం సమానంగా ఉండదని ఆర్ ఒక హెచ్చరిక వరుస రాసి, ఆ తర్వాత అడిగిన పని చేసి పెడుతుంది.