బాణం గుర్తు ఎందుకు పనిచేయలేదంటే

అమలాపురం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

టెర్మినల్‌లో వరుసలను క్రమంలో పేర్చే సార్ట్ కమాండుకు <, > అనే బాణం గుర్తులు తగిలించి, ఒక ఫైలు చదివించి మరో ఫైలులో రాయిస్తే చక్కగా జరిగిన పని, అవే ముక్కలను పైథాన్‌లో వేరే ప్రోగ్రాములను నడిపే సబ్‌ప్రాసెస్.రన్‌కు జాబితాగా ఇస్తే, బాణం గుర్తు పేరుతో ఫైలేదీ లేదంటూ ఆగిపోయిందని మొన్న ఫోనులో చెప్పారు. తప్పు సార్ట్‌ది కాదు. ఆ గుర్తులు తెలిసినది షెల్‌కే, అంటే టెర్మినల్‌లో మనం కొట్టిన కమాండును చదివి నడిపించేదానికే. ప్రోగ్రామును మొదలుపెట్టకముందే అది ఫైళ్లను తెరిచి సిద్ధం చేస్తుంది.

మన బోదె తూము తలుపు ఎత్తేది లస్కరు కదా. ధవళేశ్వరం నుంచి వచ్చిన నీరు ఏ తూము గుండా తనలోకి చేరిందో, తన మురుగు ఏ కోడులో కలుస్తుందో చేనుకు పట్టదు. ప్రోగ్రామూ అంతే: సున్నా అంకె గల దారిలో (ఎస్‌టీడీఇన్) వచ్చినది చదువుతుంది, 1లో (ఎస్‌టీడీఅవుట్) ఫలితం, 2లో (ఎస్‌టీడీఎర్) తప్పుల సందేశాలు వదులుతుంది. జాబితాగా ఇచ్చినప్పుడు మధ్యలో షెల్ ఉండదు కనుక లస్కరు పని మీదే. చదివే ఫైలును ఓపెన్‌తో తెరిచి ఎస్‌టీడీఇన్‌కు, రాసే ఫైలును ఎస్‌టీడీఅవుట్‌కు అప్పగించండి. తప్పుల సందేశాలూ అందులోనే కావాలంటే ఎస్‌టీడీఎర్‌కు సబ్‌ప్రాసెస్.ఎస్‌టీడీఅవుట్ అని ఇస్తే చాలు. కమాండును జాబితాగా కాక ఒకే వరుసగా ఇచ్చి, రన్‌లో షెల్ విలువను ట్రూ చేసి షెల్‌నే మధ్యలోకి పిలిచినా బాణాలు నడుస్తాయి కానీ, ఎవరో ఇచ్చిన ఫైలు పేరులో సెమికోలన్ దూరితే దాని వెనుకనున్నది కూడా కమాండుగా నడిచిపోతుంది గనుక నాకది నచ్చదు.

ఒకసారి నేను కొబ్బరి దింపుల లెక్కకు పైథాన్ రైట్‌తో శీర్షిక రాసి, అదే ఫైలును సార్ట్‌కు అప్పగించాను. తెరిచి చూస్తే శీర్షిక అడుగున ఉంది! పైథాన్ తాను రాయవలసినదాన్ని కాసేపు బఫరు అనే తాత్కాలిక జాగాలో అట్టిపెట్టుకుంటుంది. సార్ట్ మాత్రం ఆ బఫరుతో నిమిత్తం లేకుండా నేరుగా ఫైలులో రాసేసింది. రన్‌కు ముందు, బఫరులోనిది వెంటనే ఫైలులోకి పంపే ఫ్లష్ అని ఒక్క వరుస చేర్చాక శీర్షిక పైకి వచ్చింది.

ఇంకో సంవత్సరం లెక్కయితే పూర్తిగా పోయింది. చదివేదీ రాసేదీ ఒకే ఫైలు చేశాను. రాయడానికని డబ్ల్యూ మోడ్‌లో తెరిచిన క్షణంలోనే అది ఖాళీ అయింది, సార్ట్‌కు చదవడానికి ఏమీ మిగల్లేదు. మీరు మాత్రం వేరే పేరుతో రాయించి, సరిచూసుకున్నాకే పాత ఫైలును తీసేయండి.

ఇట్లు,
తాతయ్య