ఐదుగురి బోర్డులో ఒకటో సీటు: గ్లోరియా మొలీనా కథ

2024 నవంబరులో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటర్లు మెజర్ జీ అనే ప్రతిపాదనను స్వల్ప తేడాతో గట్టెక్కించారు. దాంతో కౌంటీని (మన జిల్లా లాంటిది) పాలించే సూపర్‌వైజర్ల బోర్డు ఐదుగురి నుంచి తొమ్మిదికి పెరగబోతోంది. బోర్డును పెంచుదామంటే 1992లో, 2000లో ఇదే ఓటర్లు ససేమిరా అన్నారు. దాదాపు కోటి జనాభాకు ఐదుగురంటే ఒక్కొక్కరి కింద ఇరవై లక్షల మంది. ప్రభుత్వాసుపత్రులు, జైళ్లు, సంక్షేమం అన్నీ వాళ్ల చేతిలోనే. నిబంధన చేసేదీ వాళ్లే, అమలు చేయించేదీ వాళ్లే. 'ఐదుగురు బుల్లి రాజులు' అన్న పేరు ఊరికే రాలేదు. సీట్లు ఇంత తక్కువైనప్పుడు నియోజకవర్గాల గీత ఎక్కడ పడుతుందన్నదే సగం రాజకీయం. అదెలా పనిచేస్తుందో చూడాలంటే, మారిన గీతల వల్ల ఈ బోర్డులోకి వచ్చిన గ్లోరియా మొలీనా దగ్గరికి వెళ్లాలి.

ఆమె 1948లో పుట్టారు. మెక్సికన్ కుటుంబం, పదిమంది పిల్లల్లో పెద్ద. లీగల్ సెక్రటరీగా పనిచేస్తూ ఇంటికి ఆసరాగా నిలిచారు. మెక్సికన్ మూలాల మహిళల సంఘమైన కమిసియోన్ ఫెమెనిల్ లాస్ ఏంజెలెస్ శాఖకు తొలి అధ్యక్షురాలు. అప్పట్లో ఆ సంఘం తలకెత్తుకున్న పెద్ద కేసు మాడ్రిగల్. కౌంటీ ఆసుపత్రిలో కాన్పుకు వచ్చిన మెక్సికన్ మూలాల స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేశారన్నది ఫిర్యాదు. నొప్పులు పడుతున్న మనిషి చేతికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకునేవారు. అది దేనికో తెలియనివారూ, ఆపరేషన్ జరిగిందని ఎన్నాళ్లకో తెలుసుకున్నవారూ ఉన్నారు. 1978లో జడ్జి డాక్టర్ల పక్షానే తీర్పిచ్చారు. కేసు ఓడింది గానీ, ఆ పోరాటం వల్ల స్పానిష్‌లో అంగీకార పత్రాలు, సంతకానికీ ఆపరేషన్‌కీ మధ్య గడువు నిబంధనలు వచ్చాయి.

1982లో రాష్ట్ర అసెంబ్లీ సీటు ఖాళీ అయితే నగర తూర్పు భాగమైన ఈస్ట్‌సైడ్ నాయకులు రిచర్డ్ పొలాంకోను నిలబెట్టారు. ఆడమనిషి గెలవదన్నది వాళ్ల లెక్క. మొలీనా ఆ మాట లెక్కచేయకుండా ప్రైమరీలో, అంటే తొలి విడత ఎన్నికలో, ఆయన్ని ఓడించి, కాలిఫోర్నియా అసెంబ్లీలో అడుగుపెట్టిన తొలి లాటినా (లాటిన్ అమెరికా మూలాల స్త్రీ) అయ్యారు. ఈస్ట్‌సైడ్‌లో జైలు కడతామన్న రాష్ట్ర ప్రభుత్వంపై స్థానిక తల్లులతో కలిసి పోరాడారు. 1992కల్లా ఆ జైలు ఆలోచన విరమించుకున్నారు.

ఆ తర్వాతి రెండు సీట్లూ నియోజకవర్గాల మ్యాప్ మారితే వచ్చినవే. లాస్ ఏంజెలెస్ నగర కౌన్సిల్ గీసుకున్న హద్దులు లాటినోల ఓటును పలచన చేస్తున్నాయని 1985లో అమెరికా న్యాయశాఖ దావా వేసింది. కౌన్సిల్ రాజీకి వచ్చి కొత్త నియోజకవర్గం గీసింది. 1987లో అక్కడ గెలిచింది మొలీనాయే.

కౌంటీ కేసు ఇంకా లోతైనది. దాని పేరు గార్జా. 1990 లెక్కల్లో కౌంటీ జనాభాలో లాటినోలు దాదాపు 38 శాతం. బోర్డులో మాత్రం 1875 తర్వాత ఒక్కరూ లేరు. 1981 పునర్విభజనలో వాళ్ల పేటలను సీట్ల మధ్య చీల్చేశారు. మాకు ఎవరి మీదా ద్వేషం లేదు, మా సీట్లు కాపాడుకున్నామంతే అన్నది సూపర్‌వైజర్ల వాదన. 1990లో జడ్జి డేవిడ్ కెన్యన్ దాన్ని ఒప్పుకోలేదు. సీటు కాపాడుకోవడానికి ఒక వర్గాన్ని తెలిసి తెలిసీ చీలిస్తే అది ఉద్దేశపూర్వక వివక్షే అన్నారు. అప్పీలు కోర్టు జడ్జి కోజిన్‌స్కీ విడిగా రాసిన అభిప్రాయంలో ఇళ్ల ఉదాహరణ చెప్పారు: మనసులో పగ లేకున్నా, ఇళ్ల ధరలు పడిపోతాయన్న భయంతో మైనారిటీలకు ఇల్లు ఇవ్వనంటే, అదీ వివక్షే. నాకు తెలిసి ఈ విషయాన్ని ఇంత తేలిగ్గా విప్పి చెప్పిన ఉపమానం ఇంకోటి లేదు.

మరో చిక్కు, నియోజకవర్గాలు గీసేటప్పుడు ఎవరిని లెక్కపెట్టాలన్నది. ఓటు హక్కున్న పౌరులనే లెక్కపెట్టాలని కౌంటీ వాదించింది. అలాగైతే పిల్లలు, పౌరసత్వం లేని వలసదారులు ఎక్కువున్న పేటలకు ప్రతినిధుల వాటా తగ్గుతుంది. మొత్తం జనాభానే లెక్క అని అప్పీలు కోర్టు తేల్చింది. 1991 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. పాత హద్దులతో 1990 జూన్‌లో జరిగిన ప్రైమరీ ఫలితం చెల్లకుండా పోయింది. కొత్త ఒకటో నియోజకవర్గంలో 1991 ఫిబ్రవరి 19న తుది పోరు. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? ఒకప్పుడు ఆమె ఎవరి దగ్గర పనిచేశారో, ఆ ఆర్ట్ టోరెస్. 55 శాతం ఓట్లతో మొలీనా గెలిచారు.

ఒక్క సీటు మారడంతో బోర్డులో సంప్రదాయవాదుల మెజారిటీ పోయింది. అధికారులను లెక్కలడిగి చెమటలు పట్టించడం ఆమె పద్ధతి. అన్నిసార్లూ మాట నెగ్గలేదు. 1994 భూకంపం తర్వాత కొత్త కౌంటీ ఆసుపత్రి 750 పడకలతో కట్టాలని పట్టుబట్టారు. బోర్డు 600కే మొగ్గింది. 2008లో 600తోనే తెరిచారు.

మూడు దఫాల పరిమితి వల్ల 2014లో దిగిపోయారు. మరుసటి ఏడు నగర కౌన్సిల్‌కు పోటీచేసి హోసే హ్విజార్ చేతిలో ఓడారు. తర్వాత అవినీతి కేసులో ఆయనకు జైలుశిక్ష పడింది. 2021 నుంచి సూపర్‌వైజర్లు తమ హద్దులు తామే గీసుకునే పద్ధతి కూడా పోయింది. ఇప్పుడు ఆ పని పద్నాలుగుమంది పౌరుల కమిషన్‌ది. మొలీనా 2023లో కన్నుమూశారు. డౌన్‌టౌన్‌లోని గ్రాండ్ పార్కుకు ఆ ఏడే ఆమె పేరు పెట్టారు.

ఆసుపత్రిలో జరిగిన ఆ ఆపరేషన్లకు కౌంటీ బోర్డు 2018లో అధికారికంగా క్షమాపణ చెప్పింది. ఆ తీర్మానం తెచ్చిన హిల్డా సోలిస్, మొలీనా ఖాళీ చేసిన ఒకటో సీటు నుంచే గెలిచారు.