కంపెనీ దివాలా తీస్తే జీతం బకాయి పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

గాజువాకలో కార్మికుల కేసులు చూస్తుంటాను. గేటుకు తాళం పడ్డాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఎవరి మాటో నమ్మి నెలల తరబడి ఆగినవాళ్లే. వాళ్ల కాగితాలు చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: "లెటర్‌లో సూపర్‌వైజర్ అని ఉంది, నేను వర్కర్ కింద రాను."

దివాలా చట్టం (ఐబీసీ, 2016) 'వర్క్‌మన్' అనే మాటకు పారిశ్రామిక వివాదాల చట్టంలోని అర్థాన్నే తీసుకుంది (2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది). అక్కడ చూసేది హోదా పేరు కాదు, చేసే పని. ఈమధ్య ఒకాయన వచ్చారు. పేరుకు సూపర్‌వైజర్, పొద్దస్తమానం చేసింది వెల్డింగ్. ఎవరికీ ఒక పూట సెలవిచ్చే అధికారం కూడా ఆయనకు లేదు. కంపెనీ లిక్విడేషన్‌కు (ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు) వెళ్తే ఈ తేడా చాలా పెద్దది. వర్క్‌మన్‌కు లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల బకాయి, తాకట్టు హక్కు వదులుకున్న బ్యాంకులతో సమాన వరుసలో వస్తుంది. మిగతా ఉద్యోగులకు 12 నెలలదే, అదీ ఆ తర్వాతి వరుసలో. అందుకే బకాయి కోరుతూ ఇచ్చే క్లెయిమ్‌లో హోదా ఒక్కటే రాసి వదిలేయకండి. రోజూ ఏం పని చేశారో రాయండి, డ్యూటీ చార్టు, పని చెప్పిన వాట్సాప్ మెసేజ్‌లు జతచేయండి.

కాంట్రాక్టర్ కింద పనిచేసినవాళ్లు దివాలా తీసింది కాంట్రాక్టరా, అసలు కంపెనీయా అన్నది ముందు తేల్చుకోవాలి. కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ఆ బాధ్యత అసలు కంపెనీదే.

అపోహ: "లేబర్ కోర్టులో కేసు ఉంది, అది చాలు."

చాలదు. దివాలా ప్రక్రియ మొదలవగానే మారటోరియం వస్తుంది, కంపెనీపై ఉన్న కేసులు ఆగిపోతాయి. కార్మికులు, ఉద్యోగులు క్లెయిమ్ పెట్టే ఫారం డి విడిగా ఇవ్వాల్సిందే. తాత్కాలిక రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా ప్రక్రియ నడపడానికి పెట్టే నిపుణుడు) నియామకం నుంచి 14 రోజులు గడువు. అది దాటితే ప్రక్రియ మొదలైన తేదీ నుంచి 90 రోజులు, లేదా కంపెనీని గట్టెక్కించే ప్లాన్‌ల కోసం పిలుపు ఇచ్చే తేదీ, ఏది తర్వాతైతే అప్పటిదాకా ఇవ్వొచ్చు. ఫీజు లేదు, ఈమెయిల్‌లో పంపినా చెల్లుతుంది.

అపోహ: "ఎండీ గారు ఇస్తానన్నారు, గడువు అదే ఆగుతుంది."

నోటిమాటతో ఏ గడువూ ఆగదు. జీతం బకాయి అడగడానికి గడువు సాధారణంగా బకాయి పడిన నాటి నుంచి 3 ఏళ్లే. ఆలోపు సంతకంతో 'ఇంత బాకీ ఉన్నాం' అని రాసిస్తే, అక్కడి నుంచి కొత్తగా 3 ఏళ్లు లెక్క. దయచేసి ఆ ఒక్క కాగితం అడిగి తీసుకోండి.

పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్ సొమ్ము లిక్విడేషన్ ఆస్తిలో కలవదు. దాని గురించి టెన్షన్ పడి తక్కువకు రాజీపడొద్దు.

ఫారం ఇచ్చాక ఊరుకోకండి. రుణదాతల జాబితా ఐబీబీఐ (దివాలా ప్రక్రియలను నియంత్రించే బోర్డు) వెబ్‌సైట్‌లో పెడతారు. అందులో మీ పేరు, మొత్తం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ప్లాన్‌కు ఆమోదం వచ్చేస్తే, అందులో లేని బకాయి ఇక అడగడానికి ఉండదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.